ఆనందానికి టిక్కెట్టు

ఆకలిగొన్నవాడికి అన్నం అవసరమని అభ్యుదయవాదులందరూ ఒప్పుకుంటారు. అవమానితుడికి ఆనందం కూడా అంత అవసరమేనా అని అడిగితే మాత్రం మనలో చాలామందిమి తడబడతాము. ఆనందమనేది మంచిరోజులు వచ్చిన తరువాత పంచుకోవలసిన వస్తువనీ, అంతకు ముందే అనుభవిస్తే అది విలాసమనీ మనలో ఒక నమ్మకం ఉన్నది. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగినవాడిని. ఒక రాత్రి దానిని కదిలించింది. ఆ సంగతి చెప్పి, ప్రశ్నను పాఠకుల ముందుంచడమే నా ఉద్దేశం.

హైదరాబాదు హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉండిన మిత్రుడొకడు ఇప్పుడు న్యూయార్క్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మేము ఎం.ఏ. చదివే రోజుల్లో, 2013 డిసెంబరులో, సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. ఆ తీర్పుపై విద్యార్థి సంఘంలో చర్చ జరిగింది. నేను లేచి, స్వలింగ ప్రేమ క్షీణిస్తున్న బూర్జువా సంస్కృతి లక్షణమని ప్రసంగించాను. నా మిత్రుడి సంగతి నాకు తెలుసు. పేరు చెప్పలేదు, చెప్పనక్కర లేకపోయింది. మర్నాడు అతడు గది మార్చుకున్నాడు. 1860లో వలస ప్రభుత్వం రాసిన శిక్షాస్మృతీ, నేనూ ఒకే పక్షాన నిలిచామని నాకప్పుడు తోచలేదు. 2018 సెప్టెంబరు 6న అదే న్యాయస్థానం తన తీర్పును సరిదిద్దుకున్నది. నేను మరికొంత ఆలస్యంగా ఉత్తరం రాసి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ తరువాత ఒక సాహిత్య సభ నిమిత్తం అమెరికా వెళ్ళినప్పుడు అతడే నన్ను పిలిచాడు. "అప్పుడు చూడకుండానే తీర్పు చెప్పావు. ఈసారి చూసి చెప్పరా," అన్నాడు. తీసుకువెళ్ళింది స్వలింగ ప్రేమికులైన పురుషుల నృత్యోత్సవానికి. సర్క్యూట్ పార్టీ అంటారు. ఏడాది పొడవునా ఒక నగరం తరువాత మరొక నగరంలో జరుగుతూ, అభిమానులను తన వెంట తిప్పుకుంటుంది గనుక ఆ పేరు.

బ్రూక్లిన్‌లో ఒకప్పటి గిడ్డంగి. టిక్కెట్టు నూరు డాలర్లకు పైమాట. ద్వారం దగ్గర గుర్తింపు కార్డు చూసి, మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టి లోపలికి పంపారు. వందలాది పురుషులు, చాలామంది ఒంటిమీద చొక్కా లేకుండా, తెల్లవారేదాకా ఆడారు. పాటకూ పాటకూ మధ్య విరామం లేదు. ఒకటి ముగియకముందే డీజే మరొకదానిని అందులో కలిపేస్తాడు. దరువు చెవికంటె ముందు రొమ్ముకు తగులుతుంది.

నాలోని విమర్శకుడు వెంటనే నేరారోపణలు రాసుకోవడం మొదలుపెట్టాడు. గోడలమీద సారా కంపెనీల ప్రకటనలు. వ్యాయామశాలలో అచ్చుపోసినట్టున్న దేహాలు మధ్యలో, ముసలివారూ లావుపాటివారూ అంచుల్లో. నల్లవారు బహుకొద్దిమంది. మత్తుమందుల జాడ కూడా లేకపోలేదు. ఇంకేమి, మార్కెట్టు మనిషి కోరికను కూడా సరుకు చేసింది అన్నాను. మిత్రుడు కాదనలేదు. కొంతసేపటికి, "మన హాస్టల్ వార్షికోత్సవాలు జ్ఞాపకమున్నాయా?" అని అడిగాడు. "మీరంతా తీన్మార్ ఆడేవారు. నేను కుర్చీలు సర్దేవాణ్ణి. ఆడితే నా నడుము చూసి నవ్వుతారని భయం."

నాకు బాగా జ్ఞాపకమున్నది. ఇతడెంత క్రమశిక్షణగల కార్యకర్త అని ఆనాడు మెచ్చుకున్నాను. భయాన్ని చూసి త్యాగమనుకున్నాను. అతడు జనంలోకి వెళ్ళిపోయి, రెండు గంటలసేపు ఎవరి చూపునూ లెక్కచేయకుండా ఆడుతుంటే, నా నేరారోపణలన్నీ నిజమే అయినా, వాటికంటె ముందు చెప్పవలసిన నిజం ఒకటి మిగిలిపోయిందని అర్థమైంది.

ఆ నిజానికి చరిత్ర ఉన్నది. ఇద్దరు పురుషులు కలిసి నర్తిస్తే పోలీసులు పట్టుకుపోయే రోజులు అదే నగరంలో ఉండేవి. 1969 జూన్‌లో తిరుగుబాటు పుట్టిన స్టోన్‌వాల్ సారాయంగడి కూడా మాఫియా చేతిలోదే. అంటే వారి ఆనందాన్ని ఒక చేత్తో చట్టం నిషేధిస్తే, మరొక చేత్తో నేరస్థులు అమ్ముకునేవారన్నమాట. అందుచేతనే గే యాక్టివిస్ట్స్ అలయన్స్ అనే సంఘం 1971లో వూస్టర్ వీధిలో పాత అగ్నిమాపక కేంద్రాన్ని అద్దెకు తీసుకుని, శనివారం రాత్రుల్లో తానే నృత్యాలు నడిపింది. సంఘానికి నిధులూ వచ్చాయి, మనుషులూ వచ్చారు. 1974లో ఎవరో ఆ కట్టడానికి నిప్పుపెట్టారు. ఎయిడ్స్ విజృంభించిన రోజుల్లో, 1985లో, మయామీలో రోగుల సహాయార్థం వైట్ పార్టీ మొదలైంది. న్యూయార్క్‌లోని గే మెన్స్ హెల్త్ క్రైసిస్ సంస్థ కూడా ఫైర్ ఐలండ్‌లో ఇట్టి ఉత్సవాన్నే నడిపి, ఆరోగ్యం కోసం విరాళాలు పోగుచేసే చోటనే మత్తుమందులు ఆరోగ్యాన్ని తింటున్నాయన్న విమర్శ రాగా, 1998 తరువాత మానుకున్నది. తమ ఆనందాన్ని తామే విమర్శించుకోవడం వారికి చేతనవునన్న మాట. బయటినుంచి మన ఉపదేశం కోసం వారు కాచుకుని లేరు.

మన సాహిత్య చరిత్రలోనూ ఇట్టి పాఠమే ఉన్నది. స్త్రీల కోసం అంత పోరాడిన వీరేశలింగం పంతులుగారే ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అసభ్యమని నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి అచ్చువేయిస్తే, మరుసటి ఏడు వలస ప్రభుత్వం నిషేధించింది. సంస్కర్త నీతీ, పోలీసు నీతీ కలుసుకున్నాయి. పంతులుగారి సేవను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. అంతటివారికే జరిగిన పొరపాటు మనకు జరగదని ధైర్యమేమిటి?

అయితే మార్కెట్టును విమర్శించవద్దా అని పాఠకులు అడగవచ్చు. తప్పక విమర్శించాలి. కాని విమర్శ రెండు విధాలు. ఆనందించేవాడిని చూసి, నీకింత ఆనందం దేనికని అడిగేది ఒకటి; అది పాత నీతికి ఎర్రచొక్కా తొడగడమే. ఈ ఆనందం నూరు డాలర్లు లేనివాడికి ఎందుకు అందలేదని అడిగేది రెండవది. మొదటిది ద్వారం మూయమంటుంది. రెండవది దానిని ఇంకా వెడల్పు చేయమంటుంది. ఆనాటి సమావేశంలో నేను మొదటిదాన్ని చేసి, రెండవదాన్ని చేశాననుకున్నాను.

తెల్లవారి బయటికి వస్తుండగా, స్పానిష్‌లో మాట్లాడుకుంటున్న నలుగురు పనివాళ్ళు నేలమీది ప్లాస్టిక్ గ్లాసులు ఊడుస్తున్నారు. మిత్రుడు ఆగి వాళ్ళను చూశాడు. "వీళ్ళలో ఎవరికి ఆడాలని ఉందో ఎవరూ అడిగి ఉండరు," అన్నాడు. నా వ్యాసమంతా చెప్పదలచుకున్నది అతడు ఆ ఒక్క మాటలో చెప్పాడు.

వచ్చే నెల మా కళాశాల వార్షికోత్సవం. కుర్చీలు సర్దేవాళ్ళు ఈ ఏడూ ఉంటారు. వాళ్ళ క్రమశిక్షణను మెచ్చుకునే ముందు, వాళ్ళెందుకు ఆడటం లేదో కనుక్కోవాలనుకుంటున్నాను.