ఎవరికి తెలియనిది?

మన న్యాయదర్శన పండితులైన నైయాయికులు ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు తెలుసుకున్నవాడు, తెలుసుకున్నది దాచకుండా చెప్పేవాడు. అమెరికా నౌకాదళ మాజీ పైలట్ డేవిడ్ ఫ్రేవర్‌కి ఈ రెండూ వర్తిస్తాయా?

2004 నవంబరులో కాలిఫోర్నియా తీరానికి దూరంగా, నురగలు లేస్తున్న సముద్రం మీద, రెక్కల్లేని తెల్లటి వస్తువొకటి అటూ ఇటూ కదిలి చప్పున మాయమైందన్నాడాయన. పక్క విమానంలోని వాళ్లూ చూశారు. 2023లో అమెరికా కాంగ్రెస్ ఎదుట ప్రమాణం చేసి మరీ అదే చెప్పాడు. అబద్ధమాడాడని నేననుకోను. వేరే లోకంవాళ్లు వచ్చారనీ నమ్మను. చెప్పేవాడి నిజాయితీ ఒకటి, చూసిన దాని స్వరూపం ఒకటి. ఆకాశంలో పోల్చి చూసుకోవడానికి చెట్టూ చేమా ఉండవు. పరిమాణం తెలియనిదాని దూరం తెలియదు, దూరం తెలియకపోతే వేగమూ తేలదు. ఈ చిక్కు ఎంత అనుభవమున్న కంటికైనా తప్పదు.

అలాగని నవ్వి కొట్టిపారేస్తే? నవ్వుతారన్న భయంతోనే ఎందరో పైలట్లు నోరు మెదపలేదు. 2021లో అమెరికా నిఘా విభాగం ఇలాంటి 144 ఘటనలను పరిశీలించి, ఒక్కటే ఖాయంగా తేల్చగలిగింది. అదీ గాలి పోతున్న ఓ పెద్ద బెలూన్! మిగిలిన 143కి సరిపడా వివరాలే లేవు. లేని వివరాలతో గ్రహాంతరవాసులను సృష్టించేవాళ్లకూ, అన్నిటినీ భ్రమ అనేవాళ్లకూ తొందర మాత్రం ఒకటే.

బెలూన్ అంటే నాకు అమెరికా పైలట్ థామస్ మాంటెల్ గుర్తొస్తాడు. 1948 జనవరి 7న కెంటకీ ఆకాశంలో ఏదో కనబడితే, అదేమిటో చూడమని గాడ్‌మన్ వైమానిక స్థావరం వాళ్లు అటుగా పోతున్న యుద్ధ విమానాల పైలట్లను అడిగారు. లోహంలా ఉంది, చాలా పెద్దది అని రేడియోలో చెబుతూ మాంటెల్ పైకి వెళ్లాడు. అతని దగ్గర ఆక్సిజన్ లేదు. తోటివాళ్లు వెనుదిరిగారు, అతను తిరగలేదు. విమానం కూలి చనిపోయాడు. పాతికేళ్లవాడు.

అతను చూసింది శుక్రగ్రహమని వైమానిక దళం మొదట చెప్పింది, అదీ పట్టపగలు! తర్వాత ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ మాత్రం నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న స్కైహుక్ అనే బెలూన్. అదే నిజమైతే, ఆ వస్తువు గుర్తు తెలియనిది ఎవరికి? ఎగరేసినవాళ్లకు తెలుసు. వెంటపడినవాడికి తెలియదు. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే జెండా. ఆ మధ్యాహ్నం బెలూన్ సంగతి తెలిసినవాడెవడైనా ఆ రేడియో మాటలు విని ఉంటే, వెనక్కి రమ్మని చెప్పే అనుమతి అతనికి ఉండేదా?