మైక్ ఆన్ చేసే ముందు హనుమంతుణ్ణి తలుచుకుందాం



ఈ వారం వీడియోలో కిష్కింధ కాండ మొదలుపెట్టాం కదా. రాముడూ హనుమా మొదటిసారి కలుసుకునే ఘట్టం. అందులో ఒక విషయం చెప్పకుండా వదిలేశాను. టైమ్ సరిపోలేదు అని చెప్పొచ్చు, కానీ అసలు కారణం అది కాదు. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. అది నా సొంత బాకీ కథ. రాయడం కాస్త తేలిక, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఘట్టం ఒకసారి గుర్తు చేసుకుందాం.

సీతమ్మ కనపడక రామలక్ష్మణులు పంపా తీరానికి వచ్చారు. పైన ఋష్యమూకం మీద సుగ్రీవుడు ఉన్నాడు. అన్న వాలి తరిమేస్తే అక్కడ దాక్కున్నవాడు. చేతుల్లో విల్లులతో ఇద్దరు వస్తుంటే చూసి, వాలే పంపించాడేమో అని వణికిపోయాడు. వెళ్లి చూసి రమ్మని హనుమను పంపాడు. హనుమ తన రూపంలో వెళ్లలేదు. భిక్షువు వేషం వేసుకుని వెళ్లాడు.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఇటువైపు వాళ్లకి అటువైపు ఎవరో తెలియదు. అటువైపు వచ్చినవాడిది అసలు రూపం కాదు. మధ్యలో ఉన్నది మాట ఒక్కటే. హనుమ ఎంతో మర్యాదగా పలకరించాడు. మీరెవరు, ఇంత తేజస్సు ఉన్నవాళ్లు ఈ అడవిలో ఎందుకు తిరుగుతున్నారు అని అడిగాడు. వాళ్లు ఇంకా జవాబు చెప్పకముందే తన సంగతి తనే చెప్పేశాడు. నేను సుగ్రీవుడి మంత్రిని, నా పేరు హనుమ, ఇది వేసుకొచ్చిన వేషం, మా రాజు మీ స్నేహం కోరుకుంటున్నాడు అని.

అప్పుడు రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి ఏమన్నాడు? రూపం గురించి కాదు, బలం గురించి కాదు, మాట గురించి అన్నాడు. ఇంతసేపు మాట్లాడాడు, ఒక్క తప్పు మాట రాలేదు. మరీ వేగంగా లేదు, మరీ నెమ్మదిగా లేదు. మొహంలో ఎక్కడా తేడా లేదు. కత్తి ఎత్తిన శత్రువు కూడా ఈ మాట వింటే మెత్తబడతాడు అన్నాడు. రామాయణంలో అంత పెద్ద స్నేహం మొదలైంది ఆ పలకరింపు దగ్గరే.

మనకి పంపా తీరం ఎక్కడ?

మీలో చాలామంది రోజూ అలాంటి చోటికే వెళ్తున్నారు. రాత్రి పదిన్నరకి ఫోన్ తీసి, స్క్వాడ్‌లో "రాండమ్" నొక్కుతారు. నలుగురు ఒక టీమ్. ముగ్గురి పేర్లు తెలియవు, ఊళ్లు తెలియవు, వయసు తెలియదు. కనపడేది వేషం, వినపడేది గొంతు. మనం వాళ్లకి అలాగే కనపడతాం. దీన్ని టైమ్ వేస్ట్ అనేసి వదిలేసేవాళ్లు ఉన్నారు. నేను అలా అనలేను, ఎందుకంటే నాకు అక్కడ ఒక మంచి మనిషి దొరికాడు.

2020 మార్చి చివర. లాక్‌డౌన్ మొదలవగానే ఇంటి దగ్గర నుంచే పని అన్నారు, నేను ఊరొచ్చేశాను. మా ఊరు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య. అప్పటికి ఒకటి గుంటూరు జిల్లా, ఇంకోటి ప్రకాశం. నల్లరేగడి, పత్తి, మిరప. మార్చి అంటే మా వైపు కళ్లాల నిండా మిరపకాయలే. కోసి తెచ్చిన కాయని కళ్లంలో ఆరబోసి, తాలు ఏరి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి పంపాలి. ఆ ఏడాది పంపడమూ కుదరడం లేదు. కాయ కళ్లంలోనే ఉండిపోయింది. రాత్రి కాపలా ఉండాలి. నాన్నకి నడుం నొప్పి, అందుకని నేను పడుకునేవాణ్ణి. మంచం, పక్కన టార్చి లైటు, చేతిలో ఫోన్. పబ్జీ.

అక్కడ రాండమ్‌లో కలిశాడు ఒకతను. పేరులో "మహాకాల్" అని ఉండేది. విదర్భ వైపు పత్తి పండించే ఊరు. నా హిందీ అంతంత మాత్రం, అతనికి తెలుగు అసలు రాదు. మొదటి మ్యాచ్‌లోనే నేను నాక్ అయిపోయాను. మిగతా ఇద్దరూ నన్ను వదిలేసి పరిగెత్తారు. ఇతను మాత్రం ఎదురుగా కాల్పులు జరుగుతుంటే పాక్కుంటూ వచ్చి రివైవ్ చేశాడు. ఆడినవాళ్లకి తెలుసు, రివైవ్ చేసేటప్పుడు మనం కదలలేం, కాల్చలేం. ఆ కొన్ని సెకన్లు మన ప్రాణం కూడా పణంగా పెట్టినట్టే. గేమ్‌లో ప్రాణమే అనుకోండి. అయినా పేరు కూడా తెలియనివాడి కోసం ఎందుకు పెట్టాలి? థాంక్స్ భాయ్ అన్నాను. నవ్వి, టీమ్ కదా అన్నాడు.

అలా రోజూ కలిసేవాళ్లం. ఒక రాత్రి బాగా ఆడుతున్నాం, చివరి పది మందిలో ఉన్నాం. ఉన్నట్టుండి ఉరిమింది. నేను పట్టించుకోలేదు, హెడ్‌ఫోన్స్‌లో గేమ్ సౌండే ఎక్కువ. నా మైక్‌లోంచి ఆ ఉరుము అతనికి వినపడింది. బయట ఉన్నావా అని అడిగాడు. అవును, మిర్చి దగ్గర కాపలా అన్నాను. ఒక్క క్షణం ఆగి గట్టిగా అరిచాడు: ఫోన్ పక్కన పడెయ్, ముందు కాయ కప్పెయ్!

లేచి చూస్తే గాలి మొదలైంది. నాన్నని కేకేశాను, పక్క కళ్లం వాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు. కుప్ప చేసి పట్టాలు కప్పేలోపు చినుకులు పడనే పడ్డాయి. ఒక మూల కొంచెం తడిసింది, మిగతాదంతా దక్కింది. తడిస్తే ఏమవుతుందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబడి తాలు అయిపోతుంది, ధర సగానికి పడిపోతుంది. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

మర్నాడు లాగిన్ అయితే అతని మెసేజ్ ఉంది. మ్యాచ్ ఏమైందని కాదు, ర్యాంక్ పోయిందని కాదు. మిర్చి తడిసిందా అని ఒక్క లైన్. పత్తి ఇంట్లో పుట్టినవాడు కదా. వాన చప్పుడు అతనికీ అలాగే వినపడుతుంది.

నా బాకీ

ఆ తర్వాత ఒకరోజు అడిగాడు. గుంటూరు కారం అంటారు కదా, మా అమ్మకి కారం అంటే ఇష్టం, ఒక కేజీ పంపుతావా అని. పక్కా అన్నాను. పంట అమ్మగానే, కొరియర్లు మొదలవగానే పంపిస్తా అన్నాను. అడ్రస్ గేమ్ చాట్‌లోనే పెట్టాడు. నేను రాసుకోలేదు. అక్కడే ఉంటుంది కదా అనుకున్నాను.

జూన్‌లో కాయ అమ్ముడుపోయింది. అమ్మ మా ఇంటికి ఏడాదికి సరిపడా కారం కూడా పట్టించింది. నాకు ఆఫీస్ పని పెరిగింది. అతని దగ్గర నుంచి ఇన్వైట్ వస్తే బిజీ అని కొట్టేసేవాణ్ణి. ఆగస్టులో ఒకసారి సరదాగా, భాయ్, మిర్చీ? అని పెట్టాడు. నేను నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఇంట్లో డబ్బా నిండా కారం ఉంది. కొరియర్లు నడుస్తున్నాయి. చేయాల్సింది ఒక అరగంట పని.

సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించింది, అందులో పబ్జీ మొబైల్ ఒకటి. ఫోన్‌లో ముందే ఉన్నవాళ్లకి ఇంకొన్నాళ్లు నడిచింది. అప్పుడైనా అడ్రస్ తీసుకోవచ్చు. రేపు చూద్దాం అనుకుంటూనే గడిపేశాను. అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. అతని అసలు పేరు నాకు తెలియదు. నంబర్ లేదు. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చాక ఆ పేరుతో వెతికాను. మహాకాల్ అని పెట్టుకున్నవాళ్లు లెక్కలేనంత మంది. అతను దొరకలేదు.

ఇప్పుడు కిష్కింధకి తిరిగి వెళ్దాం. రాముడు మాట నిలబెట్టుకున్నాడు, సుగ్రీవుడికి రాజ్యం వచ్చింది. వానాకాలం నాలుగు నెలలు ఆగి సీతమ్మను వెతికిస్తానన్న సుగ్రీవుడు భోగాల్లో పడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. సాయం వద్దనుకోలేదు. సుఖంగా ఉన్నాడు, అంతే. గడువు దాటుతోందని ముందుగా గుర్తు చేసింది హనుమే. అయినా కదలిక చాలనందువల్ల లక్ష్మణుడు కోపంతో గుమ్మం దాకా రావాల్సి వచ్చింది. తార సర్దిచెప్పింది, సుగ్రీవుడు తప్పు ఒప్పుకున్నాడు, పని మొదలైంది.

చిన్నప్పుడు ఈ కథ వింటే సుగ్రీవుడి మీద కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. సుగ్రీవుడి అదృష్టం ఏంటంటే, గుమ్మం ముందుకు లక్ష్మణుడు వచ్చాడు. దిద్దుకునే టైమ్ దొరికింది. నా గుమ్మం ముందుకి ఎవరూ రాలేదు, సర్వర్ ఆగిపోయింది అంతే. ఆన్‌లైన్ స్నేహం అబద్ధం కాదండి, కానీ దానికి గడువు ఎప్పుడైపోతుందో మనకి ముందుగా తెలియదు. అందుకే అక్కడ ఇచ్చిన మాట ఇంకా తొందరగా తీర్చాలి.

మరి మనం ఏం చేయొచ్చు?

మొదటిది, మైక్. మన మొహం కనపడదు కాబట్టి ఏమన్నా చెల్లుతుంది అనుకుంటాం. నిజానికి మొహం కనపడదు కాబట్టే మన మాటే మనం. అవతలివాడికి మన గురించి తెలిసేది అంతే. మా పిన్ని కూతురు బాగా ఆడుతుంది, కానీ ఎప్పుడూ మైక్ ఆన్ చేయదు. ఆడపిల్ల గొంతు వినపడగానే మొదలయ్యే మాటలు వినలేక. ఆ మాటలు అనేది ఎవరో రాక్షసులు కాదు. శనివారం గుడికెళ్లి హనుమాన్ చాలీసా చదివే మనలాంటి కుర్రాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. రాముడు మెచ్చుకున్నది ఏ గుణాన్నో మర్చిపోయి ఎన్నిసార్లు చదివితే ఏం లాభం? మీరు అనకపోతే సరిపోదు. స్క్వాడ్‌లో ఇంకొకడు అంటుంటే ఆపు తమ్ముడూ అని ఒక్క మాట అనండి.

రెండోది, సాయం. మా వైపు ఎండాకాలంలో రోడ్డు పక్కన చలివేంద్రాలు పెడతారు. కుండలో నీళ్లు, ఒక్కోచోట మజ్జిగ. తాగేవాడి పేరు, కులం, ఊరు ఎవరూ అడగరు. తాగినవాడు మళ్లీ ఆ దారిన వస్తాడో రాడో తెలియదు. అయినా పొద్దున్నే మళ్లీ కుండ నింపుతారు. కొత్తగా ఆడేవాడికి ఒక మెడికిట్ పడేయడం, నాక్ అయినవాణ్ణి వదిలేయకపోవడం, ఓడిపోయాక తిట్టకుండా "బాగా ఆడావ్" అనడం, ఇవన్నీ ఆ కుండలో నీళ్లే.

మూడోది, జాగ్రత్త. దీన్ని వదిలేసి స్నేహం గురించి చెబితే తప్పవుతుంది. సుగ్రీవుడు వెంటనే నమ్మేయలేదు. ముందు హనుమను పంపాడు. అగ్ని సాక్షిగా స్నేహం చేసుకున్న తర్వాత కూడా, వాలిని ఎదిరించగలడా అని సందేహం వచ్చి రాముణ్ణి పరీక్షించాడు. రాముడు దుందుభి అస్థిపంజరాన్ని కాలి బొటనవేలితో దూరంగా విసిరాడు, ఏడు సాలవృక్షాలని ఒక్క బాణంతో కొట్టాడు. అంత సందేహించినా రాముడికి కోపం రాలేదు. నిజమైన స్నేహితుడు పరీక్షకి నొచ్చుకోడు. కాబట్టి డబ్బులు అడిగినా, ఓటీపీ అడిగినా, ఫోటోలు అడిగినా, ఇంట్లో చెప్పొద్దు అన్నా, వాడికి మర్యాదగా నో చెప్పి బ్లాక్ చేయండి. చిన్నపిల్లలైతే ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి. హనుమ వేషంలో వచ్చాడు, నిజమే. కానీ ఎవరూ అడగకుండానే తన వేషం సంగతి తనే చెప్పాడు. మారీచుడూ వేషంలోనే వచ్చాడు, చివరిదాకా విప్పలేదు. తేడా అక్కడ చూడండి.

ఇప్పుడు నా సంగతి. ప్రతి శివరాత్రికి మేము కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్తాం. ఆ రోజుల్లోనే కొత్త మిరపకాయ ఇంటికొస్తుంది. అమ్మ కొత్త కారం పట్టించగానే ఒక కేజీ పక్కకి తీసి అక్కడ అన్నదానానికి ఇస్తున్నాను. ఎవరు తింటారో నాకు తెలియదు. దీంతో బాకీ తీరిపోయింది అనుకోవడం లేదు. ఆ కారం వెళ్లాల్సిన ఇల్లు వేరు, అక్కడ ఒక అమ్మ వేరు. కానీ కొండెక్కి త్రికోటేశ్వరస్వామి ముందు నిలబడినప్పుడు ఒక్కటే అడుగుతాను. స్వామీ, నువ్వే మహాకాలుడివి, నీ పేరు పెట్టుకున్నవాడు ఎక్కడున్నా వాడి పత్తి తడవకుండా చూడు అని.

ఈ వారం సంకల్పం చిన్నది. మీరు ఆన్‌లైన్‌లో ఎవరికో ఇచ్చి మర్చిపోయిన మాట ఒకటి ఉంటుంది. నోట్స్ పంపిస్తా, రెజ్యూమే చూస్తా, ఆదివారం ఆడదాం, ఏదైనా సరే. ఈ రాత్రి గేమ్ ఓపెన్ చేసే ముందు అది తీర్చేయండి. ఆ తర్వాత మైక్ ఆన్ చేసి, మొదటి మాట నమస్తే అనండి. అటువైపు ఎవరున్నారో మనకి తెలియదు కదా.

వచ్చే వారం సుందరకాండకి వెళ్లే ముందు వానరులు నాలుగు దిక్కులకీ బయల్దేరే ఘట్టం చూద్దాం.

జై శ్రీరామ్. జై హనుమాన్.