తప్పొప్పుల పట్టిక ఎక్కడికి పోయింది?

పాత తెలుగు పుస్తకాలు తెరిస్తే మొదటి పేజీల్లోనే ‘ప్రథమ ముద్రణ’, నెల, సంవత్సరం, ‘ప్రతులు: 1000’ అని ఉంటుంది. కొన్నింటిలో చివర తప్పొప్పుల పట్టిక కూడా. అచ్చయిపోయిన వెయ్యి కాపీలని వెనక్కి తీసుకోలేరు కాబట్టి, ఫలానా పేజీలో ఫలానా పంక్తి తప్పని రచయితే చెప్పుకునేవాడు.

నేను పుస్తకాలకి లేఅవుట్లూ కవర్లూ చేస్తుంటాను. ఇప్పుడు నా దగ్గరికొచ్చే చాలా పుస్తకాలకి ప్రతుల లెక్క లేదు. ప్రింట్ ఆన్ డిమాండ్‌లో ఎవరైనా ఆర్డర్ పెట్టాకే ఒక కాపీ అచ్చవుతుంది. అందాకా పుస్తకమంటే రెండు పీడీఎఫ్‌లు: లోపలి పేజీలకొకటి, కవర్‌కొకటి. ప్రకటనలో కాఫీ కప్పు పక్కన నీడతో సహా కనిపించేది మాకప్, టెంప్లేట్‌లో కవర్ అతికించి చేసిన బొమ్మ.

ఈ పద్ధతిని నేను తిట్టను. అప్పు చేసి అచ్చేయించుకుని, అమ్ముడుపోని కట్టల్ని మంచం కింద పెట్టుకునే అవస్థ తప్పించింది. నా ఇబ్బంది వేరు.

ఈమధ్య ఒక రచయిత ఫోన్ చేశాడు. అతని కథలో ఒక వాక్యం ఒక కులాన్ని కించపరిచేలా ఉందని ఒక పాఠకురాలు రాశారట. చదువుకుంటే అతనికీ నిజమే అనిపించింది. “ఆ వాక్యం తీసేసి కొత్త ఫైల్ పెట్టెయ్. ఎవరికీ తెలీదులే” అన్నాడు.

తీసెయ్యడం మంచిదే. ఆ ‘ఎవరికీ తెలీదు’ అన్నదే నాకు మింగుడుపడలేదు. రేపు ఆవిడ ఎక్కడైనా ఆ వాక్యం ప్రస్తావిస్తే, కొత్త కాపీ కొన్నవాళ్ళు “ఏదీ, మా పుస్తకంలో లేదే!” అంటారు. అదే కవర్, అదే ఐఎస్‌బీఎన్, అదే ‘ప్రథమ ముద్రణ’. తప్పు రాసినవాడు శుభ్రంగా బయటపడతాడు, తప్పు చూపించిన మనిషి అబద్ధమాడినట్టవుతుంది.

రచయితకి మార్చుకునే హక్కు లేదా? ఉంది. గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ని 1909లో చాలావరకు తిరగరాశారు. రెండూ వేర్వేరు కూర్పులుగా మిగిలాయి కాబట్టే ఏం మారిందో, ఎందుకు మారిందో ఇవాళ్టికీ చర్చించుకోగలుగుతున్నాం. మార్చడం రచయిత హక్కయితే, మారిందని తెలుసుకోవడం పాఠకుల హక్కు.

నిబంధనలు ఇక్కడ పెద్దగా అడ్డం రావు. చిన్న సవరణలకి కొత్త ఐఎస్‌బీఎన్ అక్కర్లేదు. ఒక వాక్యమే కదా, చిన్న సవరణ కిందే పోతుంది. ఆ వాక్యం ఎవరికి తగిలిందో వాళ్ళకి మాత్రం అది చిన్నది కాదు.

‘రెండవ కూర్పు. పాఠకుల అభ్యంతరం సబబుగా తోచి ఫలానా పేజీలో ఒక వాక్యం తొలగించాను’ అని మొదటి పేజీల్లో వేద్దామన్నాను.

“అలా వేస్తే ముందు ఏం రాశానో అందరూ వెతుకుతారు కదా” అన్నాడు.

వెతుకుతారు. తప్పొప్పుల పట్టిక వేసిన ప్రతి రచయితకీ ఆ సంగతి తెలుసు. అయినా వేశారు.