కష్టమైన పాఠము – నిమ్మళమైన స్వరము

ధ్యానభాగము: 1 రాజులు 19:1–18



కొన్ని సంవత్సరముల క్రిందట నేను సండేస్కూలులో పాఠము చెప్పుచుండగా ఒక చిన్నపాప కంఠత వాక్యము అప్పగించుటకు లేచినది. ఇంటిలో తెలుగే గాని బడిలో తమిళము, ఇంగ్లీషు చదువుచున్న బిడ్డ. సగము చెప్పి ఆగిపోయినది. "ఇంత చిన్న వాక్యము రాదా?" అని అందరి యెదుట గద్దించితిని. రెండవసారి మొదటి మాట కూడ నోటికి రాలేదు. మరుసటి ఆదివారము ఆ పాప రాలేదు. తల్లి నాతో, "ఇంటి దగ్గర తప్పు లేకుండా చెప్పిందండీ అయ్యగారూ" అన్నది. ఆ మాట నన్ను నేటికిని గుచ్చుచున్నది.

ఇంటిలో వచ్చిన వాక్యము గుడిలో ఏమైనది?

1908వ సంవత్సరములో అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ చిట్టెలుకలకు ఒక పాఠము నేర్పిరి. తెల్లని గదిలోనికి పోవలెను. నల్లని గదిలోనికి పోయినచో కరెంటు షాక్ తగులును. తెలుపు నలుపుల భేదము స్పష్టముగా కనబడినప్పుడు, షాక్ పెరిగిన కొలది ఎలుకలు త్వరగా నేర్చుకొన్నవి. వెలుతురు మార్చి ఆ భేదమును గుర్తించుట కష్టము చేసినప్పుడు సంగతి వేరాయెను. షాక్ మరీ తక్కువైనను, మరీ ఎక్కువైనను నేర్చుకొనుట ఆలస్యమాయెను. పాఠము కష్టమైన కొలది తక్కువ షాకే మేలు చేసెను.

ఎలుకలను బట్టి మనుష్యుని మనస్సంతయు కొలువలేము. అయితే మనుష్యులను పరిశీలించిన తరువాతి శాస్త్రజ్ఞులు, ఒత్తిడిలో శరీరమునందు కార్టిసాల్ అను రసాయనము పెరుగుననియు, అప్పుడు నేర్చినదానిని జ్ఞాపకము తెచ్చుకొనుట తరచుగా కష్టమగుననియు కనుగొనిరి. వాక్యము ఆ బిడ్డ హృదయములోనే యున్నది. నా గద్దింపు తలుపు మూసివేసినది.

ప్రియులారా, మన దేవుడు ఏలీయాతో ఎట్లు వ్యవహరించెనో చూడుడి. కర్మెలు పర్వతముమీద అంత ధైర్యముగా నిలిచిన ప్రవక్త, యెజెబెలు బెదరింపు విని ప్రాణభీతితో పారిపోయెను. అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. అప్పుడు దేవుడు అతనికి ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత రొట్టెయు నీళ్లును పంపెను. మరల నిద్రపోనిచ్చి మరల భోజనము పెట్టెను. హోరేబులో గాలి, భూకంపము, అగ్ని దాటిపోయినవి. తరువాత నిమ్మళమైన స్వరము వినబడెను.

అంతమాత్రమున దేవుడు అతనిని ఊరక కూర్చుండనీయలేదు. అక్కడ ఏమి చేయుచున్నావని ప్రశ్నించెను. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించు పని అప్పగించెను. క్రమశిక్షణ లేని ప్రేమ మనకు వద్దు. ఏ ఒత్తిడియు లేనివాడు పుస్తకము తెరువడు. అయితే బలము వచ్చిన తరువాతనే దేవుడు భారము మోపెను. ఈ వరుసను మనము తలక్రిందులు చేయుచున్నాము.

కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులలో చదువు మన పిల్లలకు తెలుగు అక్షరములు కష్టమైన పాఠమే. తాతగారికి సులభమైనది మనుమరాలికి కష్టము. కష్టమైన పాఠమునకు పెద్ద కేకలు పనికిరావు. తెలుగు బైబిలు చూడగానే బిడ్డకు బెదురు పుట్టినచో, మనము భాషను మాత్రమే గాక వాక్యమును కూడ వారికి దూరము చేయుచున్నాము.

తల్లిదండ్రులారా, పరీక్షల కాలములో బిడ్డను మార్కులడుగకముందు, భోజనము చేసితివా, నిద్రపోతివా అని అడుగుడి. పక్కింటి పిల్లవానితో పోల్చకుడి. సండేస్కూలు ఉపాధ్యాయులారా, బిడ్డ తడబడినప్పుడు తరువాతి మాట మీరే మెల్లగా అందించుడి.

నేను ఆ పాప ఇంటికి వెళ్లితిని. తల్లిదండ్రుల యెదుటనే, "నాదే తప్పు, నన్ను క్షమించమ్మా" అంటిని. తరువాత చాపమీద ప్రక్కప్రక్కన కూర్చుండి ఇద్దరము ఆ వాక్యమును చదివితిమి. నేను సగము చెప్పి ఆగితిని. మిగిలిన సగము ఆ బిడ్డ చెప్పినది.

నిమ్మళమైన స్వరముతో మాటలాడిన దేవుడు మన యిండ్లలోను, మన సండేస్కూళ్లలోను అట్టి స్వరమునే మనకు దయచేయును గాక. ఆమెన్.