మైనాకుడి దగ్గర ఆగని హనుమంతుడు

 

మక్తల్‌లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల మిత్తికి అప్పు ఇస్తానంటే మన నాయనలు దండం పెట్టి వచ్చేస్తరు. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకుంటే చాలా కార్డుల మీద పడేది దాదాపు అదే మిత్తి. ఏడాదికి నూటికి 42 రూపాయలు. కానీ ఫోన్‌లో "మినిమం డ్యూ కడితే చాలు" అని కనిపిస్తది కాబట్టి మనకు అది అప్పు అనిపించదు.

లెక్క తెలిసినంత మాత్రాన కోరిక ఆగదు. గీత రెండో అధ్యాయం 62వ శ్లోకంలో కృష్ణపరమాత్మ వరుస చెప్పిండు: వస్తువునే తలుచుకుంటుంటే దాని మీద సంగం, సంగం నుంచి కామం, కామం నుంచి క్రోధం. అంటే బైక్ కొనడం షోరూంలో మొదలు కాదు. దాని రివ్యూ వీడియో పదోసారి చూసినప్పుడే మొదలైంది. ఆపాల్సింది అక్కడే.

ఎట్ల ఆపాలి? మన పడమటి ఆంజనేయస్వామినే చూడండి. సముద్రం దాటుతుంటే మైనాకుడు ప్రేమగానే పిలిచిండు, కాసేపు ఆగి, పండ్లు తిని పొమ్మని. స్వామి కోపం చేసుకోలేదు. చేత్తో తాకి, మర్యాదగా చెప్పి, సాగిపోయిండు. పోయే పని ఏందో ఆయనకు గుర్తుంది.

మనం కూడా వస్తువును తిట్టక్కర్లేదు, మనసును కొట్టక్కర్లేదు. జీతం పడిన రోజే ఈ పైసలు ఏ పనికో అనుకోవాలి: అమ్మ మందులకా, చెల్లె ఫీజుకా, పాత అప్పుకా. పని గుర్తున్నోడికి "వద్దు" అనడం అంత బరువు కాదు.

జై హనుమాన్.