వోటూ, వొట్టూ

ఎన్నికలు దగ్గరపడే కొద్దీ మన చదువుకున్నవాళ్లు వోటరును సిద్ధం చేసే పనిలో పడతారు. జాబితాలో పేరు చూసుకోమంటారు, అభ్యర్థుల ప్రమాణపత్రాలు చదవమంటారు. మంచిదే. అయితే పల్లెల్లో అసలు సన్నాహం వేరు. పోలింగుకు ఒకటి రెండు రోజుల ముందు చేతిలో నోట్లు పెట్టి, దేవుడి పటం మీదనో పసుపు కుంకుమల మీదనో వొట్టు వేయించుకుంటారు. ఆ వొట్టుకు కట్టుబడాలా? ఈసారి మొదటి వోటు వేయబోతున్న మా విద్యార్థి ఒకడు నన్నడిగిన ప్రశ్న యిది. అతని తల్లి కూలికి వెళ్లే మనిషి. మాట తప్పితే పిల్లలకు కీడని నమ్మి, కిందటిసారి తనకు గిట్టనివాడికే వేసివచ్చిందట.

దీన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం సులభం. నాకిందులో అజ్ఞానం కన్నా నిజాయితీయే ఎక్కువగా కనిపిస్తుంది. పుచ్చుకున్నది తీర్చుకోవాలనే ధర్మం మీదనే కూలిజనం చేబదుళ్లు నడుస్తున్నాయి. కొనేవాడు కొంటున్నది ఆ ధర్మాన్ని. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటుకు లంచాన్ని అవినీతి చర్యగా ఎంచింది గనక, ఆ బాకీ వసూలుకు వాడు కోర్టుకెక్కలేడు. అందుకే దేవుణ్ణి జామీను అడుగుతాడు.

"పుచ్చుకోండి, మాకు వేయండి" అని కొందరు నాయకులు చెప్పే ఉపాయం నాకు రుచించదు. పేదవాణ్ణి అబద్ధమాడమనడమే గాని అది ధర్మసందేహాన్ని తీర్చదు. 2021 హుజూరాబాద్ ఉప ఎన్నికలో తమకు డబ్బు అందలేదని కొందరు రోడ్డెక్కినట్లు పత్రికలు రాశాయి. అలవాటు హక్కుగా మారేది ఇలాగే.

మన పల్లెకు సత్యవాక్కును నేర్పింది హరిశ్చంద్ర నాటకం. తెల్లవార్లూ పద్యాలు విని కన్నీరు పెట్టుకున్న జనం మనది. కాని మాట నిలుపుకోవడానికి హరిశ్చంద్రుడు అమ్మినది ఎవరిని? చంద్రమతిని, లోహితుణ్ణి. వాళ్లను అమ్మే హక్కు అతనికెవరిచ్చారని పురాణం అడగలేదు, మనం అడగాలి. తనది కానిదాన్ని పణంగా పెట్టి ఇచ్చిన మాట మాట కాదు. వోటు అటువంటిదే. పక్కింటి కూలిరేటూ ఊరి బడీ దానితో ముడిపడి ఉన్నాయి. 1935 చట్టం కింద ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాడికే వోటు. రాజ్యాంగం 326వ అధికరణం ఆ ముడిని తెంచింది. అమ్ముడయ్యే వోటు మళ్లీ ఆస్తి అవుతుంది, ఈసారి కొన్నవాడి ఆస్తి.

వోటు ఉమ్మడి బాధ్యత గనక బహిరంగంగా వేయాలని 1861లో జాన్ స్టూవర్ట్ మిల్ వాదించాడు. తర్కం బాగానే ఉంది, కాని మన ఊళ్లో బహిరంగమంటే ఆసామి కళ్లెదుట అని అర్థం. రహస్య బ్యాలెట్ పుట్టింది ఆ కళ్ల నుంచి కాపాడటానికే. వొట్టు ఆ కళ్లను తెరచాటుకు కూడా తీసుకువస్తుంది.

ఇక కూలితల్లిని వేలెత్తి చూపే మన మధ్యతరగతి సంగతి. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసేదాకా, పెద్ద సంస్థలు పార్టీలకు పేరు చెప్పకుండా డబ్బిచ్చాయి. దాన్ని విరాళమన్నారు. ఏ పటం మీదా ఎవరూ చెయ్యి వేయనక్కరలేకపోయింది.

మరి డబ్బు తిరిగి ఇచ్చేయాలా అని ఆ కుర్రవాడు మళ్లీ అడిగాడు. నెలనెలా జీతం అందుకునే నేను ఇమ్మని తేలికగా అనగలను. ఒక్క ఇల్లు తిరిగిస్తే దాని మీద కక్ష పుడుతుంది. వాడంతా ముందుగానే వద్దంటే ఎవరి మీదని కక్ష కడతారు? ఈసారి సెలవుల్లో నలుగురైదుగురు విద్యార్థులు తమ వాడల్లో ఆ మాట కదపబోతున్నారు. తల్లులతో మొదలుపెట్టమన్నాను.