హృదయం – అల్లాహ్ అప్పగించిన అమానతు



మన కమాన్‌పూర్ చుట్టుపక్కల సింగరేణి కార్మికుల కుటుంబాలు ఎన్నో. భూగర్భ గనిలోకి మంచిగాలి ఒక దారిన వెళ్తుంది, చెడుగాలి మరో దారిన బయటికొస్తుంది. అవి కలవకుండా మధ్యలో గోడలు, తలుపులు ఉంటాయి. అల్లాహ్ మన ఛాతీలోనూ అలాంటి ఏర్పాటే చేశాడు.

పిడికిలంత గుండెలో నాలుగు గదులున్నాయి. కుడివైపు గదులు చెడురక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతాయి. ఎడమవైపు గదులు మంచిరక్తాన్ని శరీరమంతటికీ అందిస్తాయి. మధ్యలో ఒక గోడ, రక్తం వెనక్కి మళ్ళకుండా నాలుగు కవాటాలు. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం, రోజుకు దాదాపు లక్షసార్లు స్పందన. సుబ్‌హానల్లాహ్!

ఇంత రక్తం తన గుండా పారుతున్నా గుండె కండరం అందులోంచి నేరుగా ఆకలి తీర్చుకోదు. తనకోసం ఉన్న ధమనుల ద్వారా, అదీ ఎక్కువగా రెండు స్పందనల నడుమ సడలిన క్షణంలోనే తన వాటా పొందుతుంది. ఆ ధమని మూసుకుపోతే గుండెపోటే.

ఇంటిల్లిపాదినీ పోషించే మనిషి ఛాతీ నొప్పిని ‘గ్యాసే’ అనుకొని, మస్టరు పోతుందని డ్యూటీకి వెళ్తాడు. ఇది తగదు. నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. వైద్యాన్ని వదిలేయడం తవక్కుల్ కాదు.

మనిషి బాగోగులన్నీ హృదయమనే మాంసపు ముద్దపైనే ఆధారపడి ఉన్నాయని కూడా ఆయన (స) హెచ్చరించారు. ఆ హృదయానికీ ఆహారం కావాలి. రోజంతా ప్రాపంచిక పనుల్లో మునిగి ఉండే మనం, వాటి నడుమ కాసేపు ఆగి చేసే అయిదు పూటల నమాజులోనే దానికి ఆ ఆహారం అందించగలం.

అల్లాహ్ మన హృదయాలను రెండు విధాలా ఆరోగ్యంగా ఉంచుగాక! ఆమీన్.